పురానాపూల్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా

ఇయ్యాల మనం రోజూ నడిచే తొవ్వ గురించే మాట్లాడుకుందాం. పురానాపూల్ కాడ దిగి, మూసీ పొంటి అఫ్జల్‌గంజ్ దాకా నడిస్తే గంట కూడ పట్టది. ఆ గంటల మనం ఏం చూస్తున్నం? బస్సు నంబర్లు చూస్తున్నం, ఫోన్ చూస్తున్నం. తల ఎత్తి దర్వాజను చూస్తలేం.

ఆ పూల్ 1578లది. చార్మినార్ కన్న 13 ఏండ్లు పెద్దది. షహర్ గోడకు 13 దర్వాజలుండె. ఇప్పుడు మిగిలినవి రెండే. ఒకటి పురానాపూల్‌ది, రెండోది దబీర్‌పురాది.

జర ముందుకు పోతే సిటీ కాలేజీ. 1952 సెప్టెంబర్‌ల ముల్కీ ఉద్యమం నాడు పోలీసు తూటాలకు మన పిల్లలు నేలకొరిగింది అక్కడనే. ఆ కమాన్ల కింద ఎన్ని సభలు పెట్టుకున్నమో! కమాన్లను మాత్రం ఎన్నడు చూసినం? పక్కనే హైకోర్టు, ఏటికి అవతల ఉస్మానియా దవాఖాన. ఈ మూడింటి నక్షల్లో విన్సెంట్ ఎష్ చెయ్యి ఉన్నది. రాయి చెక్కిన కూలోళ్ల పేర్లు మాత్రం మనకెవ్వలూ చెప్పలేదు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దవాఖాన ఆవరణల చింతచెట్టెక్కి 150 మంది దాకా పానాలు దక్కించుకున్నరంటరు. ఆ వరద తర్వాతనే 1912ల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చినయి. ఉమ్మడి రాష్ట్రంల ‘హైదరాబాద్‌ను మేమే కట్టినం’ అన్నోళ్లకు ఈ ఒడ్డు చూపిస్తే సాలు.

కని ఒక్క మాట కడుపుల దాసుకోకుండ చెప్పుకోవాలె. దవాఖానను కూలగొడ్తమని 2015ల అన్నది మన సొంత రాష్ట్ర సర్కారే. పాత కట్టడాలకు కాపుగ ఉన్న 1981 నాటి 13వ నిబంధనను తీసేసింది కూడ ఆ ఏడాదే. 2017ల వారసత్వ చట్టం చేసిన్రు. అయినా ఇర్రం మంజిల్‌ను పడగొట్టి అసెంబ్లీ కడ్తమన్నరు. 2019ల హైకోర్టు అడ్డుకోకుంటే అది ఇయ్యాల మట్టిల ఉండు. పరాయి పాలకులను అడిగిన నోరు మనోళ్లను అడగనీకె ఎందుకు పెగలది?

కొత్త దవాఖానకు 2025 జనవరిల గోషామహల్‌ల పునాది రాయి పడ్డది. మరి పాతదాన్ని ఏం జేస్తరు? ఉద్యోగ మిత్రులు ఫైళ్లు చదివిన్రు గద, దరఖాస్తు పెట్టి అడుగున్రి. విద్యార్థులు మీ బస్తీల ఉన్న దేవిడీ, బావి, కమాన్ ఏదైనా సరే, ఫొటో తీసి, పెద్దమనుషులు చెప్పేది రాసుకోన్రి. ఆదివారం పొద్దున 7 గంటలకు సిటీ కాలేజీ గేటు కాడ కలుద్దాం. నోటుబుక్కు మరువొద్దు.