వంద ట్యాంకర్ల నీళ్లలో ఒక చెంచా
లేశమాత్ర పదార్థాలను కొలిచే పద్ధతులు



ఒక ట్యాంకరులో 5,000 లీటర్ల నీళ్లు పడతాయనుకుందాం. అటువంటి 100 ట్యాంకర్ల నీళ్లలో ఒక చెంచాడు, అంటే 5 గ్రాముల పదార్థాన్ని సమంగా కలిపామనుకోండి. అందులోంచి ఒక గ్లాసు నీళ్లు మీ ముందుంచి, ఇందులో ఆ పదార్థం ఎంత ఉందో చెప్పమంటే ఎలా చెబుతారు? లెక్క ప్రకారం లీటరుకు 10 మైక్రోగ్రాములు ఉండాలి. దీన్నే 10 పి.పి.బి. అంటాం, అంటే 100 కోట్ల భాగాలలో 10 భాగాలు. తాగునీటిలో ఆర్సెనిక్ ఇంతకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో సూచించింది. ఇంత తక్కువ మోతాదును ఎలా కొలుస్తారు? కొలిచి చెప్పిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ రెండు విషయాలనూ ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇది ఎందుకు ముఖ్యమో ముందు చూద్దాం. చెరువులు, కుంటల నీటివల్ల వచ్చే అతిసారం వంటి రోగాల నుంచి ప్రజలను కాపాడాలని, 1970ల నుంచి బంగ్లాదేశ్ గ్రామాల్లో గొట్టపు బావులు పెద్దఎత్తున వేశారు. నీరు తేటగా ఉంది. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. అయితే 1983లో పశ్చిమ బెంగాల్‌లో డాక్టర్ కె.సి. సాహా, చర్మంపై మచ్చలతో వచ్చిన రోగులలో ఆర్సెనిక్ విషప్రభావాన్ని గుర్తించారు. 1992లో బ్రిటిష్ భూగర్భ సర్వే నిపుణులు బంగ్లాదేశ్ భూగర్భజలాలను పరీక్షించారు. చాలా మూలకాలను కొలిచారు గాని, ఆర్సెనిక్‌ను కొలవలేదు. ఆ మరుసటి సంవత్సరం అక్కడి బావుల్లో ఆర్సెనిక్ బయటపడింది. దేనికోసం పరీక్ష చేస్తామో అదే మనకు కనబడుతుంది. విశ్లేషణలో ఇది మొదటి పాఠం.

ఇక పద్ధతుల సంగతి. మీ కళాశాలలోని రసాయన త్రాసు 0.1 మిల్లీగ్రాము వరకు, అంటే 100 మైక్రోగ్రాముల వరకు తూచగలదు. 10 పి.పి.బి. నీరు ఒక లీటరు తీసుకుని, అందులోని ఆర్సెనిక్ మొత్తాన్ని వేరుచేసినా వచ్చేది 10 మైక్రోగ్రాములే. త్రాసుకు అది తెలియనే తెలియదు. అందుకే తూచడానికి బదులు, ఆ మూలకానికి మాత్రమే ఉన్న ప్రత్యేక గుణాన్ని పట్టుకోవాలి.

అలా పట్టుకున్నవారిలో ముఖ్యుడు బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త జేమ్స్ మార్ష్. ఆయన 1836లో ప్రకటించిన పద్ధతిలో నమూనాకు జింకు, ఆమ్లం కలుపుతారు. వెలువడే హైడ్రోజన్‌తో ఆర్సెనిక్ కలిసి ఆర్సీన్ వాయువుగా మారుతుంది. ఆ వాయువును వేడిచేసిన గాజుగొట్టం గుండా పంపితే, లోపలి గోడపై నల్లగా మెరిసే పూత ఏర్పడుతుంది. 1840లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రసిద్ధ లఫార్జ్ విషప్రయోగం కేసులో ఓర్ఫిలా ఈ పరీక్ష చేశారు. తాను కనుగొన్న ఆర్సెనిక్ తాను వాడిన రసాయనాల నుంచి వచ్చింది కాదని కూడా ఆయన న్యాయస్థానానికి చూపించారు. జింకులోనే లేశమాత్రం ఆర్సెనిక్ ఉంటే, నిర్దోషి కూడా దోషి అయిపోతాడు కదా! నమూనా లేకుండా, మిగిలినవన్నీ అలాగే ఉంచి చేసే ఈ పరీక్షను బ్లాంక్ అంటారు.

గ్రామాల్లో వాడే పరీక్ష కిట్టు ఈ పద్ధతికి వారసురాలే. వెలువడిన ఆర్సీన్, మెర్క్యురిక్ బ్రోమైడ్ పూసిన కాగితాన్ని పసుపు నుంచి గోధుమరంగు వరకు మారుస్తుంది. ఆ రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోలుస్తారు.

పరిశోధనశాలలో పరమాణు శోషణ వర్ణపటమాపకం ఉంటుంది. ఈ పద్ధతిని ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ 1955లో ప్రతిపాదించారు. ఇందులోనూ ముందు ఆర్సీన్‌ను తయారుచేసి, వేడి క్వార్ట్జ్ గొట్టంలో పరమాణువులుగా విడగొడతారు. ఆర్సెనిక్ పరమాణువులు 193.7 నానోమీటర్ల కాంతిని శోషించుకుంటాయి. ఎంత కాంతి తగ్గిందో చూసి, ప్రమాణ ద్రావణాలతో గీసిన రేఖ సహాయంతో గాఢతను లెక్కిస్తారు.

మరో పరికరం ప్లాస్మా ద్రవ్యరాశి వర్ణపటమాపకం. ఇందులో ఆర్గాన్ ప్లాస్మా నమూనాను అయాన్లుగా మారుస్తుంది. ద్రవ్యరాశి సంఖ్య 75 గల ఆర్సెనిక్ అయాన్లను పరికరం లెక్కిస్తుంది. నీరు ఉప్పగా ఉంటే ఒక చిక్కు వస్తుంది. 40 ద్రవ్యరాశి గల ఆర్గాన్, 35 ద్రవ్యరాశి గల క్లోరిన్ కలిసినా 75 అవుతుంది! ఇది తెలియనివారు ఉప్పును ఆర్సెనిక్‌గా లెక్కగడతారు. పరికరం ఎంత ఖరీదైనదైనా, ఆలోచించవలసింది మనమే.

మరి అంకెను నమ్మడం ఎలా? మొదటిది, బ్లాంక్‌ను చాలాసార్లు కొలవండి. ఆ కొలతల ప్రామాణిక విచలనం 0.2 పి.పి.బి. అయితే, దానికి మూడు రెట్లు, అంటే 0.6 పి.పి.బి.ని గుర్తింపు అవధిగా తీసుకోవడం వాడుక. అంతకంటే తక్కువ వస్తే "లేదు" అని రాయకూడదు. "గుర్తింపు అవధికి లోపల" అని రాయాలి. రెండవది, రాబడి పరీక్ష. నమూనాలో 12 పి.పి.బి. వచ్చిందనుకుందాం. దానికి తెలిసిన 10 పి.పి.బి. కలిపితే 22 రావాలి. 17 మాత్రమే వస్తే, కలిపినదాంట్లో సగమే మన చేతికి వచ్చిందన్నమాట. అప్పుడు మొదటి 12ను కూడా అనుమానించవలసిందే.

మళ్లీ ఆ గ్రామాలకు వెళదాం. 2000 తరువాత కొద్ది సంవత్సరాల్లో బంగ్లాదేశ్‌లో దాదాపు 50 లక్షల గొట్టపు బావులను కిట్లతో పరీక్షించారు. అక్కడి పరిమితి 50 పి.పి.బి. అంతకు మించితే పంపుకు ఎరుపు రంగు, లోపలైతే ఆకుపచ్చ రంగు వేశారు. 200 ఉన్న బావి విషయంలో కిట్టు పొరబడటం అరుదు. 45, 55 దగ్గర పొరబడే అవకాశం ఎక్కువ. పొరపాటున ఆకుపచ్చ వేస్తే ఆ కుటుంబం ఏళ్ల తరబడి విషం తాగుతుంది. పొరపాటున ఎరుపు వేస్తే ఆ ఇంటి ఆడవాళ్లు మంచినీళ్లున్న బావిని వదిలి, బిందె ఎత్తుకుని దూరం నడుస్తారు.

కనుక విద్యార్థులారా, ప్రయోగశాలలో బ్లాంక్ కొలవమంటే, "సున్నాయే కదా, వేసేద్దాం" అనుకోకండి. ఆ సున్నాను నిజంగా కొలిచినవారికే పక్కనున్న 10ని కొలిచే అర్హత వస్తుంది. సెలవు.