రాబందుల లెక్కయు గ్రామ గ్రంథాలయమును

(గ్రంథాలయ రజతోత్సవ సభ యందలి ఉపన్యాసము)



గ్రామమున వ్రాతలో నిలిచియున్న లెక్కలు పెక్కు కలవు. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేసిరో పహాణీ చెప్పును. ఎవరింట ఎవరు పుట్టిరో, ఎవరు గతించిరో జనన మరణముల పుస్తకము చెప్పును. అప్పుల సంగతి షావుకారు ఖాతా చెప్పును. ఈ గ్రంథాలయమున ఏ పుస్తకమును ఎవరు చదివిరో ఇచ్చట నున్న రిజిస్టరు చెప్పును. కాని ఊరి చెరువునకు ఈ చలికాలమున ఎన్ని నీటిపక్షులు వచ్చినవి? మోదుగ ఏ వారమున పూచెను? చేదబావిలో నీరు వేసవి నాటికి ఎంత లోతునకు దిగెను? ఇట్టి ప్రశ్నలకు బదులు చెప్పు పుస్తకము సామాన్యముగా ఊళ్ళలో కానరాదు. పెద్దల జ్ఞాపకమే దానికి ఆధారము. ఆ జ్ఞాపకము ఆ పెద్దలతోడనే పోవుచున్నది.

అట్టి లెక్క లేకపోవుట వలన కలుగు నష్టమెట్టిదో రాబందుల చరిత్ర చక్కగా తెలుపును.

నలువది ఏండ్ల క్రిందట భారతదేశమున రాబందులు కోట్ల సంఖ్యలో నుండెను. ఊరి వెలుపల పశువు చచ్చి పడినచో గడియలలో గుంపుగా దిగి, ఎముకలు మాత్రము మిగిల్చి పోయెడివి. వానికి కూలి లేదు, పిలుపు లేదు. దుర్గంధమును, రోగమును ఊరిని చేరకుండ అవి కాపాడెడివి. 1990 దశకమున అవి కనుమరుగు కాజొచ్చెను. కళేబరములు కుళ్ళుచు పడియుండెను. వానిపై కుక్కల మందలు పెరిగెను. పశువుల కాపరులు ఆ మార్పును చూడక పోలేదు. అయినను ఏ ఏట ఎన్ని తగ్గినవి, ఏ ఏట పూర్తిగా రాకపోయినవి అను సంగతి ఎవరును వ్రాసి ఉంచలేదు. చూచిన కన్నులు వేలకొలది. వ్రాసిన చేతులు కొలదియే.

ఆ కొలది చేతులే చివరకు అక్కరకు వచ్చెను. రాజస్థానమందలి భరత్‌పూర్ కేవలాదేవ్ ఉద్యానవనమున విభు ప్రకాశ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1980 దశకమున రాబందులను లెక్కించి యుంచెను. 1990 దశకము చివర అదే తావున మరల లెక్కించి, రెండు లెక్కలను పోల్చి, ఆ పతనమును 1999లో లోకమునకు వెల్లడించెను. 1991 మొదలు 1993 వరకు దేశమందలి రహదారుల వెంట జరిగిన లెక్కింపును 2000లోను, తరువాతను అవే దారులలో మరల జరిపిరి. 2007 నాటికి పొడవు ముక్కు రాబందులు నూటికి తొంబది యేడు వంతులు నశించెననియు, తెల్లవీపు రాబందులు వేయింటికి ఒకటి మాత్రమే మిగిలెననియు తేలెను. మొదటి లెక్క లేకున్నచో రెండవ లెక్కకు అర్థమే లేకుండెడిది.

కారణము కూడ పిమ్మట దొరికెను. లిండ్సే ఓక్స్ అను అమెరికా పశువైద్య శాస్త్రజ్ఞుడును, అతని తోడివారును పాకిస్తానములో చచ్చిన రాబందులను పరీక్షించి, 2004లో ఫలితమును ప్రకటించిరి. పశువులకు నొప్పి, వాపు తగ్గుటకై ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందే ఆ మారకము. ఆ మందు పొడిపించుకొనిన పశువు కొలది దినములలో చచ్చి, దాని మాంసమును రాబందు తినెనేని, దాని మూత్రపిండములు చెడి అది మరణించును. భారత ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును 2006లో నిషేధించెను. మనుష్యుల కొరకు అమ్ము పెద్ద సీసాలు పశువులకు మరలుచున్నందున, 2015లో ఆ సీసా పరిమాణమును ఒక మోతాదునకు, అనగా మూడు మిల్లీలీటర్లకు, కుదించెను. ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ అను మరి రెండు మందులను పశువులకు వాడరాదని 2023లో ఆజ్ఞాపించెను. మెలాక్సికామ్ అను మందు పశువు నొప్పిని తగ్గించును, రాబందునకు హాని చేయదు. కావున ఈ కథలో రైతు కేవలము ప్రేక్షకుడు కాడు. తన ఎద్దునకు ఏ సూది వేయుచున్నారని అడుగుటయు, దాని పేరు వ్రాసి యుంచుటయు అతని చేతిలో నున్న పని.

ఉత్తర తెలంగాణము ఈ కథకు దూరముగా లేదు. 2016 అక్టోబరులో పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విభజింపబడి పెక్కు జిల్లాలైనవి. అందు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో బెజ్జూరు అడవులు కలవు. వానికి ఆవల ప్రాణహిత. ప్రాణహితకు ఆవల మహారాష్ట్రమందలి గడ్చిరోలి. ఆ అడవులలో మురళిగూడకు చేరువనున్న పాలరాపు గుట్ట యొక్క నిట్టనిలువు బండలపై పొడవు ముక్కు రాబందులు గూళ్ళు కట్టుకొని యుండుట 2013లో వెల్లడియయ్యెను. వెల్లడియగుట యనగా బయటి లోకమునకు తెలియుటయే. గుట్ట క్రింద పశువులను మేపువారి కంటికి అవి అంతకు మునుపు పడక పోవునా?

అటుపిమ్మట అటవీ శాఖ సమీప గ్రామముల యువకులనే వాని కాపలాకు నియమించెను. గుట్టకు ఎదురుగా నిలిచి, పక్షులెన్ని, గూళ్ళెన్ని, పిల్లలెన్ని అని చూచి లెక్క వ్రాయుట వారి పనిగా నుండెను. వినుటకు ఇది సులభము. కాని ఈ పక్షి ఏటికి ఒక్క గ్రుడ్డే పెట్టును. పిల్ల రెక్కలు వచ్చి ఎగురుటకు నెలలు పట్టును. అది ఈడునకు వచ్చి తాను గూడు కట్టుటకు సుమారు ఐదేండ్లు పట్టును. ఒక్క పిల్ల నేలబడి చచ్చిన, ఒక జంట యొక్క ఏడాది శ్రమ వ్యర్థము. కనుక ఒక్క అంకె తప్పినను, ఒక దినము వ్రాయకున్నను, జరిగినదేమో తెలిసికొనుట కష్టము. ఆ యువకులకు వేతనము ఉండెను. కాని వారిని ఆ పనికి తగినవారిని చేసినది వేతనము కాదు, ఆ నేలతో వారికి గల పరిచయము.

ఈ పరిచయమే గ్రామీణుల మూలధనము. శాస్త్రజ్ఞుడు ఏటికి రెండు మూడు దినములు వచ్చి పోవును. గ్రామస్థుడు మూడు వందల అరువది యైదు దినములు అచ్చటనే యుండును. 2012లో పులుల రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడిన కవ్వాల అడవులలో, ఇసుకపై అడుగుజాడను చూచి అది ఏ జంతువుదో, ఎప్పటిదో గోండు, కొలాము పెద్దలు చెప్పగలరు. మంథని ప్రాంతమున గోదావరి యొడ్డున మొసళ్ళ కొరకు ఏర్పడిన శివారం అభయారణ్యము కలదు. ఏ మడుగులో మొసలి యున్నదో వల వేయువానికి తెలిసినంత మరియొకరికి తెలియదు. ఇప్ప పూవు ఏరు స్త్రీలకు పూత ముందు వచ్చిన ఏడును, వెనుకబడిన ఏడును జ్ఞప్తికి ఉండును. ఇది యంతయు విజ్ఞానమే. తేదీ వేసి వ్రాయబడలేదు, అంతియే కొరత.

సామాన్య ప్రజలు ఇట్టి లెక్కలు వ్రాయుట క్రొత్త సంగతి కాదు. ఉత్తర అమెరికాలో 1900 సంవత్సరపు క్రిస్‌మస్ దినమున ఇరువది యేడుగురు మాత్రమే పక్షులను లెక్కించుటకు పూనుకొనిరి. ఆ లెక్క ఏటేట సాగి శతాబ్దమును దాటినది. 1987 మొదలు ఆసియా దేశములలో ప్రతి జనవరి మాసమున చెరువుల, కుంటల కడ నీటిపక్షులను లెక్కించుచున్నారు. భారతదేశమున ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు అందు పాల్గొనుచున్నారు. చెట్లు చిగిర్చు, పూచు, కాచు కాలములను బడిపిల్లలు వారము వారము వ్రాయు పథకమొకటి 2010లో మొదలై పెక్కు రాష్ట్రములకు వ్యాపించినది.

నీటి విషయమున తెలుగు రైతులే మార్గదర్శకులైరి. ఈ శతాబ్దపు మొదటి దశకమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో, అప్పటి ఆంధ్రప్రదేశమందలి ఏడు కరవు జిల్లాలలో రైతులు తమ భూగర్భజలమును తామే కొలిచిరి. వానిలో మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలును కలవు. వానను కొలుచు పాత్రను ఊరిలో నిలిపి, ఎన్నుకొనిన బావులలో నీటి మట్టమును నియమముగా కొలిచి, ఆ అంకెలను నలుగురు చూచునట్లు గోడపై వ్రాసిరి. పంటకాలమునకు ముందు ఊరంతయు కూడి, ఉన్న నీరెంత, కావలసిన నీరెంత అని జమాఖర్చు వేసిరి. ఫలానా పంట వేయరాదని ఎవరును శాసింపలేదు. అంకె కంటికి కనబడిన తరువాత పెక్కుమంది రైతులు వరిని తగ్గించి ఆరుతడి పంటలకు తిరిగిరి. ఇంజనీరు వ్రాసిన అంకె కచేరిలో నుండును. రైతు తన చేతితో వ్రాసిన అంకె అతని పొలమునకు నడచి వచ్చును.

శాసనము కూడ ఈ పనికి అనుకూలముగనే యున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థ జీవవైవిధ్య నిర్వహణ సంఘమును ఏర్పరుపవలయును. ఊరి చెట్టుచేమలను, పశుపక్ష్యాదులను, విత్తనములను, వానిని గూర్చి ప్రజలకు గల తెలివిని ప్రజలతో సంప్రదించి వ్రాసి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధపరచుట ఆ సంఘపు ముఖ్య ధర్మము. చాలకాలము ఈ నియమము కాగితముపైననే యుండెను. 2016 నాటికి దేశమంతట ఇట్టి రిజిస్టర్లు వేయిన్నరకు లోబడియే యుండెను. జాతీయ హరిత న్యాయస్థానము 2020 జనవరి 31వ తేదీని గడువుగా విధించిన పిమ్మట వాని సంఖ్య కొలది యేండ్లలో రెండున్నర లక్షలను దాటెను.

ఈ వేగమును చూచి సంతోషింపవచ్చును, సందేహింపనువచ్చును. గడువునకు వెరచి వ్రాసిన పుస్తకమున ఒక ఊరి పట్టికయే ప్రక్క ఊరి పట్టికగా మారుట సులభము. కావున ప్రతి గ్రామమును తన పంచాయతీలోని రిజిస్టరును తెప్పించి చదువుట మంచిది. అందు వ్రాసిన చెట్లు ఊర నున్నవా? ఊర నున్న చెట్లు అందు కలవా? పసరు వైద్యము తెలిసిన వృద్ధుని ఎవరైన అడిగిరా? పాత జొన్న విత్తనమును కాపాడుచున్న ఇల్లాలి యొద్దకు ఎవరైన పోయిరా? లోపమున్నచో దిద్దవచ్చును, రిజిస్టరు ఒకసారి వ్రాసి బీరువాలో పెట్టి తాళము వేయుటకు కాదు, కాలానుగుణముగా పెంచుటకే ఏర్పడినది.

గ్రంథాలయము చేయదగిన సేవ ఇచ్చటనే యున్నది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసిన నాటినుండి తెలంగాణమున గ్రంథాలయమనగా పుస్తకములు దాచు కొట్టు మాత్రమే కాదు, ప్రజలు కూడి ఆలోచించు చావడి. బల్లపై వార్తాపత్రికల ప్రక్కన ఒక గట్టి అట్ట పుస్తకము నుంచి, దానికి ఊరి ప్రకృతి పహాణీ అని పేరు పెట్టవచ్చును. అందు వ్రాయుటకు నియమములు కొలదిగా నుండిన చాలును.

ప్రతి వ్రాతకును తేదీ, వేళ, తావు, చూచినవారి పేరు ఉండవలయును. పక్షికైనను, మొక్కకైనను ఊరివారు వాడు పేరే ముందు వ్రాయవలయును. గ్రంథముల పేరు తెలిసినవారు దాని ప్రక్కన చేర్తురు. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు వేరుగా వ్రాయవలయును. సందేహమున్నచో సందేహమనియే వ్రాయుట గౌరవహాని కాదు. ఏమియు కనబడని దినమున ఏమియు కనబడలేదని వ్రాయుట అన్నిటికంటె ముఖ్యము. 1990 దశకమున ఒక్కొక్క ఊర ఒక్కొక్కరు ‘ఈ ఏడు రాబందు దిగలేదు’ అని ఒక్క పంక్తి వ్రాసి యున్నచో, ఆ ఆపదను కొన్ని యేండ్లు ముందుగా పసిగట్టుటకు వీలుండెడిది.

చదువురాని పెద్దలు చెప్పగా బడిపిల్లలు వ్రాయుదురు గాక. దాని వలన పిల్లలకు వ్రాతయు, పెద్దలకు గౌరవమును కలుగును. చేతిలో ఫోను గల యువకులు ఛాయాచిత్రము తీసి ఉంచిన, పేరు తేల్చుటకు అది సాక్ష్యమగును. ఒక్క జాగ్రత్త మాత్రము మరువరాదు. అరుదైన పక్షి గూడు ఎచ్చట నున్నది, పులి జాడ ఏ దారిని పోయినది, విలువగల వేరు ఎచ్చట దొరకును అను సంగతులను అందరు చూచు పుస్తకమున వ్రాయరాదు. వేటగాండ్రును, దొంగ వ్యాపారులును చదువుకొనినవారే కావచ్చును. అట్టివానిని వేరొక పుస్తకమున వ్రాసి కార్యదర్శి తన కడ భద్రపరుపవలయును.

ఇరువదియైదు ఏండ్లు ఈ గ్రంథాలయమును నిలిపిన చేతులు సామాన్యమైనవి కావు. చందా వసూలు చేసి, అట్టలు కుట్టి, చెదలు దులిపి, పుస్తకములను కాపాడిన ఓపికయే చెరువు గట్టున నిలిచి పక్షులను లెక్కించుటకును కావలసినది. నేడు మొదటి పుట వ్రాసినచో స్వర్ణోత్సవము నాటికి ఇరువదియైదు చలికాలముల నీటిపక్షులు, ఇరువదియైదు వేసవుల బావి నీళ్ళు, ఇరువదియైదు ఫాల్గుణముల మోదుగ పూవు ఈ బీరువాలో చేరియుండును. ఏది పెరిగెను, ఏది తరిగెను అని ఆనాటి పిల్లలు ఎవరిని అడుగ పనిలేక పుస్తకము విప్పి చూచుకొందురు. గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక. ఆ పుస్తకపు మొదటి పంక్తి ఈ మాసముననే వ్రాయబడుగాక.