అమ్మ ఖాతాలో కోసిన 2,596 రూపాయలు వాపస్ ఎట్లా వచ్చినయంటే

ఇవాళ ఎపిసోడ్‌లో లెక్క చాలా చిన్నది. 2,596 రూపాయలు. హైదరాబాద్‌లో ఒక వీకెండ్‌కి అయిపోయే పైసలే. కానీ బెల్లంపల్లిలో మా అమ్మ మిషన్ మీద జాకెట్లు కుట్టి సంపాదించిన పైసలవి. జాకెట్‌కు 300. అంటే దగ్గర దగ్గర తొమ్మిది జాకెట్లు.

2023 దసరాకి ఇంటికి పోయిన. బతుకమ్మ ముందు అమ్మకు ఊపిరాడనంత పని ఉంటది. అందరూ ఫోన్‌పే చేస్తమంటున్నరు, అమ్మకేమో ఫోన్‌పే లేదు. ఆమె పేరు మీద ఒక ఖాతా ఉంది కదా అని దానికే లింక్ చేసి పెట్టిన. ఐదు జాకెట్లకు 1,500 వచ్చినయ్. రాత్రి బ్యాలెన్స్ చూస్తే 804 ఉంది.

"నువ్వే ఏదో నొక్కినవ్ బిడ్డా" అన్నది అమ్మ. నిజంగా నాకూ ముందు అదే డౌట్ వచ్చింది.

స్టేట్‌మెంట్ తీస్తే కథ బయటపడ్డది. బాపు సింగరేణిలో రిటైరయిన కొత్తల ఒక ప్రైవేట్ బ్యాంకు పిల్లలు క్వార్టర్ల దగ్గరికొచ్చి, జీరో బ్యాలెన్స్ అని నోటిమాట చెప్పి ఈ ఖాతా తెరిపించిన్రు. ఫారంలో మాత్రం ఐదు వేల మినిమం బ్యాలెన్స్ అని ఉంది. అమ్మ అందులో 1,900 వేసి మర్చిపోయింది. 2022 నవంబర్ నుంచి నెలనెలా 200, దాని మీద 18 శాతం జీఎస్టీ 36, మొత్తం 236 చొప్పున కోసిన్రు. ఎనిమిది నెలలకు 12 రూపాయలు మిగిలినయ్. అక్కడ ఆగాలె కదా? ఆగలే. ఇంకో మూడు నెలలు కోసి మైనస్ 696కి తీసుకుపోయిన్రు. అమ్మ జాకెట్ల పైసలు పడంగనే ఆ 696 మింగిన్రు.

తెల్లారి బ్రాంచికి పోయినం. మేనేజర్ సార్ మర్యాదగానే మాట్లాడిండు. "మేం చేసేది కాదు బాబూ, సిస్టమ్ ఆటోమేటిక్‌గా కట్ చేస్తది" అన్నడు. నేను బీటెక్ అయినంక నాలుగేండ్లు బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ రాసినోణ్ణి. సిస్టమ్ దానంతటది ఏదీ చెయ్యదు, ఎవరో ఒకరు రాసిందే చేస్తది. "సున్నా అయితే ఆగు" అని ఒక కండిషన్ పెట్టాలె, అంతే. అది మనం అడుక్కునే దయ కాదు. ఆర్‌బీఐ 2014 నవంబర్ 20న సర్క్యులర్ ఇచ్చింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో మనకు పనికొచ్చే ముక్కలు రెండు. బ్యాలెన్స్ తగ్గితే ముందు మెసేజో, మెయిలో, ఉత్తరమో పంపి, "నెల లోపల నింపకపోతే చార్జీ పడ్తది" అని చెప్పాలె. రెండోది, ఒక్క ఈ చార్జీల వల్లనే సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోవద్దు.

ఇంకో ముక్క కూడా ఉంది, ఎంత తక్కువ పడ్డదో దానికి తగ్గట్టే చార్జీ ఉండాలని. కానీ అందులో స్లాబులు పెట్టుకోవచ్చు కాబట్టి బ్యాంకు వాదించే సందు ఉంటది. అందుకే దాన్ని వదిలేసిన. గట్టిగ ఉన్న రెండు పాయింట్లు చాలు.

ఇగ సాక్ష్యం. అమ్మ ఎప్పుడూ మెసేజ్‌లు డిలీట్ చెయ్యదు, ఫోన్ నిండిపోయిందని తిట్టేవాణ్ణి. ఆ అలవాటే మమ్మల్ని కాపాడింది. కోసినంక వచ్చిన మెసేజ్‌లు 11 ఉన్నయ్. కోసే ముందు రావాల్సింది ఒక్కటి లేదు. అన్నీ స్క్రీన్‌షాట్ తీసిన.

ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చినం. ఒక పేజీ: తేదీలు, మొత్తం, సర్క్యులర్ తేదీ, ఏం కావాలో ఒక లైన్. రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్న. ఈ ముద్ర కోసం సిగ్గుపడకుండా కౌంటర్ దగ్గర నిలబడండి. నోటితో చెప్పింది ఫిర్యాదు కింద లెక్క కాదు. బ్యాంకుకు పోకుండా డైరెక్ట్‌గా ఆర్‌బీఐకి పోతే అక్కడ తీసుకోరు.

పన్నెండో రోజు మెయిల్ వచ్చింది: చార్జీలు మా నిబంధనల ప్రకారమే ఉన్నాయి, ధన్యవాదాలు. అమ్మ అన్నది, "పోనీ తియ్ బిడ్డా, రెండు వేలకు ఎవడు తిరుగుతడు?" బాపు మాత్రం పేపర్ కిందపెట్టి, "ఒక్క మస్టర్ తక్కువ పడ్తే మేం ఊకున్నమా?" అన్నడు. అంతే, ఇంకేం మాట్లాడలే.

30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. మాకు జవాబు వచ్చేసింది కాబట్టి 30 రోజులు ఆగాల్సిన పని లేకపోయింది. 2021 నవంబర్ 12 నుంచి అన్ని బ్యాంకులకూ ఒకటే పోర్టల్: సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్. ఫీజు లేదు. డౌట్లుంటే 14448కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడ్తరు. వకీలు ద్వారా వేస్తే మాత్రం తీసుకోరు. మీరే వెయ్యాలె, లేదంటే మీరు రాసిచ్చిన మనిషి. అమ్మ తరఫున నేను వేసిన, అమ్మ సంతకంతో ఒక అధికార పత్రం జతచేసిన. ఫోన్‌లోనే అయింది, ఒక గంట పట్టింది. అందులో సగం టైమ్ పీడీఎఫ్ సైజు తగ్గించడానికే పోయింది!

లండన్‌లో ఉండే దోస్త్ ఒకడు "అక్కడైతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు పోతర్రా" అన్నడు. నిజమే, 2006, 2007లో ఇంగ్లండ్‌లో వేలమంది అట్ల కేసులేసి ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీలు వాపస్ తీసుకున్నరు. కానీ 2009 నవంబర్‌లో అక్కడి సుప్రీంకోర్టు బ్యాంకుల వైపు తీర్పిచ్చింది, ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. మన దగ్గర ఆ పేరుతో కోర్టు లేదు. దగ్గరిది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటనే కేసు వేయొచ్చు, రెండేండ్ల లోపల వెయ్యాలె, వకీలు తప్పనిసరి కాదు. మేం అంతదూరం పోవాల్సి రాలే. ఒకే గొడవను రెండు చోట్లా ఒకేసారి నడపలేం, కాబట్టి ముందు ఖర్చు లేనిదే పట్టుకోండి.

డిసెంబర్‌లో బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. మైనస్‌లోకి పోయిన 696 ఇస్తం, ఫిర్యాదు వాపస్ తీసుకోమన్నరు. నేను ఒప్పుకుందామా అనుకున్న, అలసట కూడా ఉంది. అమ్మనే అడ్డుపడ్డది. "ముందు చెప్పకుంట కోసింది మొత్తం కదా?" అన్నది. పోనీ తియ్ అన్న మనిషి!

సంక్రాంతికి ముందు 2,596 పడ్డయ్. వడ్డీ లేదు, సారీ లేదు. అమ్మ మెసేజ్ నాకు చదివి వినిపించి, మొత్తం తీసి పోస్టాఫీసులో వేసింది. ఆ ఖాతా క్లోజ్ చేయించి, లెటర్ మీద ముద్ర కూడా తనే అడిగి వేయించుకున్నది.

ఇప్పుడు పక్క క్వార్టర్ కాక పాస్‌బుక్ నా టేబుల్ మీద ఉంది. ఆయనకు మెసేజ్‌లే రావు, ఎస్సెమ్మెస్ చార్జీలు మాత్రం మూడు నెలలకోసారి పోతున్నయ్. వాడిన మెసేజ్‌లకే తీసుకోవాలని 2013లోనే ఆర్‌బీఐ చెప్పింది. రేపు పొద్దున బ్రాంచికి పోతున్నం, ఏమైందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్త.