ఏడవని పిల్లకు నొప్పి లేదనుకోకండి



గంజి వారుస్తూంటే పిల్లాడు వచ్చి కాళ్లకు చుట్టుకోవడం, వేడిగంజి వాడి చేతిమీద ఒలకడం మనం ఎరగనిది కాదు. వెంటనే ఎవరో ఇంకు పూయమంటారు, ఒకరు వెన్న అంటారు, ఇప్పుడు టూత్‌పేస్టు ఒకటి వచ్చింది. ఇవేవీ వద్దమ్మా. కుళాయి కింద చెయ్యి పెట్టి 20 నిమిషాలు నీళ్లు పడనివ్వండి. ఐసు పెట్టకండి. తర్వాత శుభ్రమైన గుడ్డ కప్పి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అక్కడ గోలపెట్టే పిల్లవాణ్ణి అందరూ చూస్తారు. మూల బల్లమీద ఉలుకూ పలుకూ లేకుండా, చెయ్యి కదపకుండా పడుకున్న పిల్లని మాత్రం "ఎంత బుద్ధిమంతురాలో!" అంటారు. కదిపితే ప్రాణం పోతుందని ఆ పిల్లకి తెలుసు, అంతే. మాటలు రాని పిల్లలకి ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరుకోబెడితే ఊరుకోవడం, ఈ అయిదూ చూసి ఒక్కొక్కదానికి 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 10. కాస్త ఎదిగిన వాళ్లకి నవ్వేవీ ఏడ్చేవీ ముఖాల బొమ్మలు చూపించి, "నీది ఏదమ్మా?" అని అడుగుతారు.

ఇంత శ్రద్ధ మొదటినుంచీ లేదు. పసికందుకు నొప్పి సరిగా తెలియదని డాక్టర్లే నమ్మి, చాలీచాలని మత్తుతో ఆపరేషన్లు చేసిన రోజులున్నాయి. ఇండోర్‌లో వైద్యం చదివిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్ ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, తగినంత మత్తు ఇచ్చిన నెలతక్కువ పిల్లలే బాగా కోలుకుంటారని 1987లో చూపించారు. తల్లులకి ఎప్పుడూ తెలిసిన సంగతే అనుకోండి!

మందు వేస్తే జబ్బు దాగిపోతుందేమోనని నొప్పితోనే పిల్లని మోసుకొచ్చేవారు ఇంకా ఉన్నారు. ఆ భయం అక్కర్లేదు. పారాసెటమాల్ బరువును బట్టి, కిలోకి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లకి 150. సీసాల్లో బలం ఒకేలా ఉండదు, చుక్కల మందు మరీ చిక్కన. అందుకని వంటింటి చెంచా లెక్క పనికిరాదు, సీసామీద చదవండి. ఎన్నింటికి వేశారో డాక్టరుకు చెప్పండి. ఆస్పిరిన్ మాత్రం డాక్టరు చెప్పందే పిల్లలకి ఇవ్వకూడదు.

ఇంకొక్క మాట. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని ఇంట్లో బెదిరించి, ఆస్పత్రిలో "ఏం కాదమ్మా" అంటే వాళ్లెందుకు నమ్ముతారు? "కాస్త నొప్పెడుతుంది, నేను పట్టుకునే ఉంటాను" అనండి. చంటిపిల్లయితే సూది వేసేముందే పాలు పట్టడం మొదలుపెట్టండి, ఏడుపు తగ్గుతుంది. బయట కూచోమంటే, ఒళ్లో పెట్టుకుంటానని అడగండి.