రైతు ఇంటి కుట్టుపెట్టె



నారుమళ్ల సంగతీ, ఎరువుల సంగతీ చెప్పవలసినవాడు ఈ వేళ సూదీ దారమూ పట్టుకొని వచ్చాడేమిటా అని మీరు అనుకోవచ్చు. దానికి కారణం ఉన్నది.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, వరికోతల రోజుల్లో, డెల్టాలో ఒక ఊరి కల్లానికి వెళ్లాను. ధాన్యం బస్తాలకెత్తి ట్రాక్టరు మీద వేశారు. బండి కదిలింది. కల్లం దగ్గరనుంచి కాలవగట్టు దాకా సన్నగా గింజల చాలు పడింది. దాని వెంట కోళ్లు నడుస్తున్నాయి. బండి ఆపి చూస్తే నాలుగు గోనెల మూలలు చిరిగి ఉన్నాయి. “దబ్బనం తీసుకురండి” అని రైతు కేక వేశాడు. ఇల్లంతా వెదికారు; దొరకలేదు. నేను కూడా వెళ్లి వసారాలో నిలబడ్డాను. అక్కడ ఒక మూల కుట్టు మిషను ఉన్నది. దాని మీద కూరల బుట్ట పెట్టారు.

“మిషను ఉన్నది గదమ్మా!” అన్నాను.

“ఉంది బాబూ, అప్పు చేసి మరీ కొన్నాం. కత్తెర లేదు, టేపు లేదు, కుట్టడం వచ్చినవాళ్లు లేరు. దబ్బనం మాత్రం పక్కింటివాళ్లు పట్టుకుపోయారు” అన్నది ఆ ఇంటి పెద్దావిడ.

ఆ మాట నేను మరచిపోలేదు. ఇంటి కుట్టుపనిలో మిషను చివరి మెట్టు. మొదటి మెట్టు ఒక చిన్న పెట్టె. ఆ పెట్టెలో ఏమేమి ఉండాలి, ఒక్కొక్కదానిని ఎట్లా ఎంచుకోవాలి, ఎట్లా కాపాడుకోవాలి అనేదే ఈనాటి నా మనవి.

మొదట కత్తెర. గుడ్డ కత్తిరించడానికి ఎనిమిది లేక పది అంగుళాల కత్తెర ఒకటి కావాలి. కొనేముందు పలుచని గుడ్డను రెండు మడతలు వేసి, కత్తెర కొసదాకా కత్తిరించి చూడండి. కొసన గుడ్డను నమిలితే ఆ కత్తెర వద్దు. ఇంటికి తెచ్చిన తరువాత ఆ కత్తెరతో గుడ్డ తప్ప మరొకటి కోయకూడదు. కాగితం, కొబ్బరితాడు, గోనె, ఎరువుల సంచి మూతి, ఇవన్నీ కోయడానికి వేరే పాత కత్తెర ఉంచండి. పదును పోతే సాన పట్టించండి. దారాలు తుంచడానికి ఒక చిన్న కత్తెర ఉంటే పని చురుగ్గా సాగుతుంది.

రెండవది టేపు. 60 అంగుళాల టేపు, ఒక వైపు అంగుళాలు, మరొక వైపు సెంటీమీటర్లు ఉన్నది తీసికోండి. వాడగా వాడగా టేపు సాగుతుంది. ఏడాదికొకసారి ఇనుప స్కేలు పక్కన పెట్టి సరిచూచుకోండి. ఇంకొక మాట. మన పెద్దలు ఇప్పటికీ గజాలలో లెక్క వేస్తారు. దుకాణంలో మీటర్లలో కొలుస్తారు. గజానికి 36 అంగుళాలు, మీటరుకు 39 అంగుళాల పైచిలుకు. మూడు గజాలు చాలినచోట మూడు మీటర్లు కొంటే పది అంగుళాల గుడ్డకు అదనంగా డబ్బు ఇచ్చినట్లే. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలతకు వెళ్లేముందు కాగితం మీద లెక్క వేసికొని వెళ్లండి.

మూడవది సూదులు. చేతి సూదులు అన్ని లావులవీ కలిపి ఒక పొట్లం కొనండి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. చేతి సూదికి నంబరు పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది. మిషను సూదికి నంబరు పెరిగినకొద్దీ సూది లావవుతుంది. ఇది తెలియక ఒకదానికి ఒకటి కొని తెచ్చుకొనేవారు చాలామంది. మిషను సూదులలో పలుచని గుడ్డకు 11, మామూలు నూలుగుడ్డకు 14, దళసరి గుడ్డకు 16, మరీ మందపు గుడ్డకు 18 నంబరు సరిపోతాయి.

వీటికి తోడు తెలుపు, నలుపు, ఇంటిలో ఎక్కువగా వాడే రంగుల దారాలు, గుండుసూదులు, పిన్నీసులు, గీతలు గీయడానికి దర్జీ సుద్దముక్క, కుట్టేటప్పుడు వేలికి పెట్టుకొనే చిన్న లోహపు తొడుగు, కుట్టు విప్పే చిన్న కత్తి, నాలుగు రకాల గుండీలు, హుక్కులు. ఒక రేకు డబ్బా ఉంటే ఇవన్నీ అందులో పడతాయి. ఇస్త్రీ పెట్టెను కూడా కుట్టు పనిముట్లలో ఒకటిగానే లెక్కించండి. మడతను ముందు ఇస్త్రీ చేసి తరువాత కుట్టితే కుట్టు తిన్నగా వస్తుంది.

గుడ్డ విషయం ఒక్క మాట. కృష్ణకు ఆవల మంగళగిరి నేత, ఇవతల పెడన కలంకారీ మన ప్రాంతానికి పేరు తెచ్చినవి. నూలుగుడ్డ ఏదైనా మొదటిసారి తడిసినప్పుడు కొంత ముడుచుకొంటుంది. అందుచేత కత్తిరించకముందే నీటిలో నానబెట్టి, నీడన ఆరవేసి, ఇస్త్రీ చేయండి. రంగు దిగుతుందేమో అన్న అనుమానం ఉంటే వేరుగా తడపండి. ఈ ఒక్క పని చేయక, కుట్టిన రవిక మొదటి ఉతుకుకే బిగుసుకుపోయి, తప్పు కొలతలు తీసినవారి మీదికి పోతుంది.

ఇక రెండవ పెట్టె సంగతి. ఇది మగవారిది. కుట్టుపని అంతా ఆడవారిదే అనుకొనే రైతులకు నేను గట్టిగా చెప్పవలసినది ఇదే. పొలం పనిలో కూడా కుట్టు ఉన్నది. ఒకటికి రెండు దబ్బనాలు, పురికొస ఉండ, టార్పాలిన్ బరకాలకు నైలాను దారం, చిన్న మైనపు ముద్ద, మాసికలకు పాత గోనె ముక్కలు, ఒక పాత కత్తెర. ఇవి కోతలకు ముందే సిద్ధం చేసికోవాలి.

గోనెలు ఎండలో దులిపి, ఒక్కొక్కటి వెలుతురుకు ఎత్తి చూడండి. చిరుగు కనిపిస్తే దానికంటె నాలుగు వైపులా రెండంగుళాలు పెద్దదైన ముక్కను లోపలినుంచి వేసి కుట్టండి. బస్తా మూతిని ఊరకే కూడదీసి కుట్టకుండా, అంచును రెండు మడతలు వేసి, కుట్టుకూ కుట్టుకూ మధ్య రెండు వేళ్ల ఎడం మించకుండా కుట్టండి. మన డెల్టాలో బస్తా అంటే 75 కిలోలు. బస్తాకు ఒక కిలో చొప్పున కారితే నూరు బస్తాల మీద నూరు కిలోలు, అంటే బస్తా పైన మూడోవంతు బస్తా పోయినట్లు. ఏడాదంతా చెమటోడ్చిన గింజ దారిలో కోళ్ల పాలు కావడానికి కారణం ఒక దబ్బనం లేకపోవడమే. గోటితో పోయేదానికి గొడ్డలిదాకా తెచ్చుకోవడం ఎందుకు?

బరకానికి మాసిక వేసినప్పుడు దారానికి మైనం రాసి కుట్టండి. సూది పడిన బెజ్జాల మీద కూడా మైనం రుద్దితే వాన కారడం తగ్గుతుంది. పురుగుమందు, ఎరువు ఉన్న సంచులను ఎంత కడిగినా ధాన్యానికీ పప్పుకూ వాడవద్దు. కుట్టి కూరల సంచిగా మార్చవద్దు.

మరొక హెచ్చరిక. పని అయిన తరువాత సూదులు, దబ్బనాలు లెక్క చూచుకొని పెట్టెలో వేయండి. పసిపిల్లల సంగతి చెప్పనక్కరలేదు. పశువుల సంగతి మాత్రం చెప్పాలి. ఆవుగాని గేదెగాని గడ్డిని నాలుకతో చుట్టి మింగుతుంది; అందులోని ఇనుప ముక్కను వేరు చేయలేదు. మింగిన సూది రెండవ పొట్టలో చిక్కుకొని, దాని గోడను పొడిచి, ఒక్కొక్కప్పుడు గుండె దాకా పోతుంది. పశువు మేత మానేస్తుంది, పాలు తగ్గిస్తుంది, వీపు గూనిగా పెట్టి మూలుగుతుంది. అటువంటి గుర్తులు కనిపిస్తే నాటుమందులతో కాలయాపన చేయక వెంటనే పశువైద్యుని పిలవండి. గడ్డివాము దగ్గర కూర్చుని కుట్టకపోవడం అంతకంటె మంచిది. అయిదు రూపాయల సూది పాడిగేదె ప్రాణం తీయవచ్చు.

ఇప్పుడు మిషను మాట. ఎలియాస్ హౌ అనే అమెరికావాడు 1846లోనూ, ఐజాక్ సింగర్ 1851లోనూ కుట్టు మిషనులకు పేటెంట్లు పొందారు. యంత్రాలను అంతగా మెచ్చని గాంధీగారు కూడా 1924లో సింగర్ మిషనును మినహాయించారు. భార్య చేతికుట్టుతో పడే శ్రమ చూడలేక సింగర్ దానిని తయారుచేశాడనీ, దాని వెనుక ఉన్నది ప్రేమ అనీ ఆయన భావం. మన దేశంలో కలకత్తాలో తయారైన ఉషా మిషను పల్లెపల్లెకూ చేరింది. ఇంత మంచి యంత్రం కూరల బుట్టకు పీట కావడం న్యాయమా?

అందుకని నా సలహా ఇది. మొదట చేతితో గుండీ కుట్టడం, చిరుగుకు మాసిక వేయడం, అంచు మడిచి కుట్టడం నేర్చుకోండి. తరువాత మిషను ఉన్నవారి దగ్గర రెండు నెలలు నేర్చుకొని, సొంతంగా ఒక లంగా, ఒక రవిక కుట్టండి. చేయి కుదిరిన తరువాతనే మిషను కొనండి. ఇంటి అవసరాలకు కాలితో తొక్కే మిషను చాలు. కరెంటు పోయినా పని ఆగదు. మోటారు తరువాత బిగించుకోవచ్చు. మీ దగ్గరి పట్టణంలో ఏ రకానికి విడిభాగాలు, మరమ్మతు చేసేవారు దొరుకుతారో ఆ రకమే కొనండి. సూదిని ఏ వైపు తిప్పి బిగించాలో, దారం ఏ దారిన ఎక్కించాలో దుకాణంలోనే మీ చేతితో చేసి చూచి రండి.

కుట్టు సరిగా పడకపోతే మిషనును తిట్టకండి. గుడ్డ అడుగున దారం ఉచ్చులుగా వస్తే పైదారం బిగువు చాలలేదన్నమాట, లేదా దారం తప్పుగా ఎక్కిందన్నమాట. అడుగుదారం పైకి లాగుకొని వస్తే పైదారం మరీ బిగువైనదన్నమాట. కుట్లు తప్పిపోతుంటే ముందు సూది మార్చి చూడండి. పళ్ల కింద, బాబిన్ కేసులో చేరిన నూగును చిన్న కుంచెతో వారానికొకసారి తీయండి. మిషను నూనె మాత్రమే వేయండి. కొబ్బరినూనె, ఆముదం వేస్తే కొన్నాళ్లకు జిడ్డు గట్టి మిషను బిగుసుకుపోతుంది. మనది నీటి సీమ. వానకాలంలో ఇనుము ఊరకే తుప్పు పడుతుంది. పని కాగానే పొడిగుడ్డతో తుడిచి మూత పెట్టండి.

నీటి మాట వచ్చింది గనుక చెబుతాను. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి, విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాల ఇళ్లలో రోజుల తరబడి నీరు నిలిచింది. అటువంటి వేళ మిషను మీద బతికే ఇంటికి మిషనే పొలం. వరద హెచ్చరిక వినగానే మిషను తలను బల్ల మీదనుంచి విప్పి అటక మీదికి ఎక్కించండి. ఎట్లా విప్పాలో ముందే నేర్చుకొని ఉండండి. ఒకవేళ మునిగితే, నీరు తీసిన వెంటనే బురదను మంచినీటితో కడిగి, గుడ్డతో తుడిచి, గాలికి ఆరబెట్టండి. తరువాత కిరసనాయిలు దొరికితే అది, లేకపోతే మిషను నూనె, అన్ని బెజ్జాలలో ధారాళంగా పోసి, చక్రాన్ని చేతితో నెమ్మదిగా తిప్పండి. నల్లని మురికి అంతా దిగేదాకా తుడుస్తూ, మళ్లీ మిషను నూనె వేయండి. బిగుసుకున్నచోట బలవంతం చేయవద్దు. మోటారు ఉంటే మాత్రం దానిని విప్పి మెకానిక్కుకు చూపించనిదే కరెంటు పెట్టకూడదు, ప్రాణానికే ముప్పు. ఆలస్యం చేసినకొద్దీ తుప్పు లోపలికి పోతుంది. మొదటి రోజు చేసిన పనే మిషనును నిలబెడుతుంది.

కుట్టుపనినే వృత్తిగా పెట్టుకున్నవారికి ఒక మాట. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తులలో దర్జీపని ఒకటి. అందులో శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం, తక్కువ వడ్డీ అప్పు ఏర్పాటు చేశారు. కుటుంబానికి ఒకరికే అవకాశం. ఇప్పుడు అమలులో ఉన్న నిబంధనలు మీ గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకోండి. అప్పు తీసికొనేముందు మాత్రం వసారాలోని ఆ కూరల బుట్టను ఒకసారి తలచుకోండి.

నాతోటి విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఊరికి మిషనులు ఎన్ని ఇప్పించామని కాక, ఎన్ని తిరుగుతున్నాయో లెక్క వ్రాయండి. రైతు సమావేశానికి విత్తనాల సంచితోపాటు దబ్బనం, పురికొస కూడా తీసికొని వెళ్లి, మూతి కుట్టి చూపించండి. మాటకంటె చేత ఎక్కువ దూరం పోతుంది.

సోదరులారా, సోదరీమణులారా! ఈ రాత్రి భోజనాలయిన తరువాత మీ ఇంటిలో మూడు ప్రశ్నలు వేసికోండి. గుడ్డ కత్తెర గుడ్డకే వాడుతున్నామా? దబ్బనం ఎక్కడ ఉన్నది? మిషను ఉంటే దానికి నూనె వేసి ఎన్నాళ్లయింది? మూడింటికీ సమాధానం వెంటనే వస్తే మీ పెట్టె సిద్ధంగా ఉన్నట్లే. రాకపోతే రేపే ఒక రేకు డబ్బా కడిగి ఆరబెట్టండి. నేను చూచిన ఆ ఇంటివారు అట్లాగే చేశారు. మరుసటి ఏడు కోతలకు వెళ్లినప్పుడు కాలవగట్టు మీద గింజల చాలు లేదు. వసారాలో మిషను మీద కూరల బుట్ట కూడా లేదు. కోడలు దాని ముందు కూర్చుని పిల్లవాడి చొక్కాకు కాలరు కుట్టుతున్నది.

సెలవు.