పిల్లల చిరుతిండి, మన పళ్లెం
(మండల సమాఖ్య మహాజన సభలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపులు, అప్పులు, రికవరీ లెక్కలు చదువుతాం. అవి ఈ పుస్తకం ముందు పేజీల్లో ఉన్నాయి. ఇప్పుడు చెప్పేది వాటిలో రాదు, కానీ ఇదీ పైసల ముచ్చటే. బడికి పోయే పిల్లాడి చేతిలో రోజూ 10 రూపాయలు పెడతాం. నెలకు 300. ఇద్దరు పిల్లలైతే 600. నెల పొదుపు 100 రూపాయలు కట్టమంటే "వచ్చే మీటింగుకు ఇస్త అక్కా" అనేది మనమే. ఆ 600 ఎవరూ అడగకుండానే, ఏ పుస్తకంలో రాయకుండానే పోతాయి. పోయి తెచ్చేదేంది? కారం, ఉప్పు, నూనె, గాలి నింపిన ప్యాకెట్టు. అది తిన్న పిల్లలకు రాత్రి అన్నం సయించదు. అప్పుడు "మా పోరడు తింటలేడు" అని డాక్టరు దగ్గరికి పోయి టానిక్ రాయించుకుంటాం.

ఇది తెలిసి నిరుడు మేము ఒక తప్పు చేశాం. అది ముందు చెప్పాలి.

2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకున్నప్పటి నుంచి రాగులు, కొర్రలు, సజ్జల గురించి అన్ని మీటింగుల్లో వింటూనే ఉన్నాం. విని విని హుషారొచ్చి, దసరా తర్వాత కార్యవర్గంలో తీర్మానం రాశాం: రేపటి నుంచి ప్యాకెట్లు బంద్, ఇంట్లో అందరికీ జొన్నరొట్టె, రాగి సంకటి, సాయంత్రం సజ్జ లడ్డూలు. సంతకాలు కూడా పెట్టాం. వారం తిరగలేదు. ఒక ఇంట్లో మామ పళ్లెం పక్కకు నెట్టాడు. ఒక ఇంట్లో భర్త "నాకేం షుగర్ ఉన్నదా, ఇవి తినడానికి" అన్నాడు. పిల్లలు లడ్డూలు కొరికి ఉమ్మేశారు. వాళ్ల తప్పు కూడా లేదు. సజ్జపిండి ఒకేసారి చాలా పట్టించి పెట్టుకున్నాం. సజ్జల్లో నూనె ఉంటుంది గనుక ఆ పిండి కొన్ని రోజులకే చేదెక్కుతుంది. మన అమ్మమ్మలు రోజుకు సరిపడా విసురుకునేది ఊరికే కాదు. మిల్లు వచ్చినంక ఆ సంగతి మరిచిపోయాం.

ఆ తీర్మానం పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి వారానికి ఒక్క మార్పు. అదీ సాయంత్రం చిరుతిండిలో మాత్రమే, అన్నం కూర జోలికి పోలేదు. మొదటి వారం గుడాలు. బొబ్బర్లు గానీ శనగలు గానీ రాత్రి నానబోసి, పొద్దున ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, కొత్తిమీర వేసి నిమ్మకాయ పిండడం. ఇది ఏ పిల్లాడికీ కొత్త కాదు, అందుకే గొడవ రాలేదు. రెండో వారం పల్లి పట్టి. మూడో వారం మలీద ముద్దలు. సద్దుల బతుకమ్మకు చేసుకునే మలీద, తొలి ఏకాదశి పేలపిండి, పల్లి సత్తు, నువ్వుల సత్తు: ఇవన్నీ ఆరోగ్యమైన చిరుతిండ్లే. పండుగ నాడు దేవుడికి పెట్టి, మిగతా రోజులు పిల్లలకు ప్యాకెట్లు పెడుతున్నాం.

రాగి లడ్డూ మాత్రం నెల తర్వాత తెచ్చాం. చాలామంది కొలత అడిగారు గనుక చెబుతాం. అర కిలో రాగిపిండి సన్నమంట మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడితే పచ్చివాసన పోదు, పిల్లలు ముట్టరు. పావు కిలో పల్లీలు, 150 గ్రాముల నువ్వులు విడివిడిగా వేయించి పొడి చేయాలి. అర కిలో బెల్లం తురిమి అన్నీ కలిపి, కొంచెం వేడి నెయ్యితో ముద్ద కట్టాలి. పాలు పోస్తే తొందరగా పాడవుతాయి. చిన్న సైజులో 45, 50 దాకా వస్తాయి. పల్లీల్లో నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు పట్టినవి ఏరి పారేయండి, అందులో విషం ఉంటుంది. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు పలుకులుగా పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయి. పొడి చేసే పెట్టాలి. ఇంకొక మాట: బెల్లం కూడా తీపే. చక్కెర కాదు కదా అని రోజుకు నాలుగు లడ్డూలు తింటే లాభం లేదు. షుగర్ ఉన్న అక్కలకు గుడాలే మంచివి.

100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో అందులో చిన్న వంతు కూడా ఉండదు. ఈ మాట చెబితే ఇంట్లో ఎవరూ వినలేదు గానీ, దోస పిండిలో మూడు గ్లాసుల బియ్యానికి బదులు రెండు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు రాగులు నానబోస్తే అడగకుండానే తిన్నారు. పళ్లెం నెట్టిన మామ కూడా రంగు చూసి ఏమీ అనలేదట.

అయితే ఒక గ్రామ సంఘం మీటింగులో కిరాణా కొట్టు అక్క లేచి అడిగింది: "కొట్టు పెట్టుకోమని అప్పు మీరే ఇచ్చిన్రు. ఇప్పుడు ప్యాకెట్లు కొనొద్దని మీరే అంటున్రు. నా కిస్తీ ఎవరు కడ్తరు?" ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. తర్వాత అదే సంఘంలో ఇద్దరు అక్కలు పల్లి పట్టి చేసి ఆమె కొట్టులో సీసాలో పెట్టారు. వానాకాలం మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి. మూత గట్టిగా ఉన్న డబ్బా తెచ్చాక నిలిచాయి. ఇప్పుడు అమ్ముడుపోతున్నాయి. ప్యాకెట్ల దండలు ఇంకా గుమ్మానికి వేలాడుతూనే ఉన్నాయి, అబద్ధం చెప్పం. కాకపోతే ముందు వరుసలోకి సీసా వచ్చింది. అమ్మకానికి చేసే అక్కలు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఆ కాగితాల పని మన సీసీలు చూస్తారు.

ఇంతదాకా పిల్లల సంగతి చెప్పాం. అసలు మాట ఇంకా చెప్పలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. అంటే ఈ సభలో ఒకరి పక్కన ఒకరు కూర్చున్న ఇద్దరిలో ఒకరికి ఉన్నట్టే. ఎందుకుండదు? లడ్డూలు చేసింది మనం, డబ్బాలో పెట్టింది మనం. మీరెన్ని తిన్నారని మా కార్యవర్గంలోనే అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పిల్లలకు, ఆయనకు, అత్తకు పెట్టి, అడుగున మిగిలిన పొడి నోట్లో వేసుకున్నామని చెప్పింది ఒక చెల్లె. గుడాలైనా అంతే, గిన్నె అడుగున నీళ్లు మనకు. అందరూ తిన్నాక తిని, ఆ వెంటనే చాయ్ తాగుతాం. చాయ్ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కనీసం గంట ఆగాలి. నిమ్మకాయ, ఉసిరికాయ ఆ ఇనుము పట్టేలా చేస్తాయి.

అందుకే ఇప్పుడు లడ్డూలు చేసినప్పుడు ముందే పది తీసి వేరే డబ్బాలో వేస్తున్నాం. అది చేసినామె డబ్బా. మొదట్లో ఇంట్లో నవ్వారు. మాకే సిగ్గనిపించింది, దొంగతనం చేసినట్టు. ఒకటి రెండు ఇళ్లలో ఆ డబ్బా కూడా పిల్లలకే పోయింది. అయినా పెడుతూనే ఉన్నాం.

ప్రతి మహాజన సభలో చాయ్‌తో బిస్కెట్లు ఇచ్చేవాళ్లం. మనలో ఎవరైనా అక్కడ తిన్నారా? కొంగున కట్టుకొని ఇంటికి పట్టుకుపోయేది, చిన్నోడికని. ఈసారి బిస్కెట్లు లేవు. వెనక బల్ల మీద శనగ గుడాలు, నిమ్మచెక్కలు, రాగి లడ్డూలు పెట్టాం. పిల్లల కోసం వేరేగా పొట్లాలు కట్టాం, పోయేటప్పుడు గేటు దగ్గర ఇస్తారు. బల్ల మీదివి మీకు. ఇక్కడే కూర్చుని తినండి. చాయ్ గంట తర్వాత వస్తుంది.