కాలేజీకి పంపిన తర్వాత

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

కాలేజీలో సీటొచ్చిన పిల్లలకు మన సంఘం శాలువా కప్పి చెక్కు ఇస్తున్నది. మంచి పనే. ఫొటో కూడా బాగానే వస్తుంది. మరి దసరా సెలవులకు ఆ పిల్లవాడు ముఖం వేలాడేసుకొని ఇంటికొస్తే పలకరించేదెవరు?

దేవరకొండ నుంచో, అచ్చంపేట నుంచో తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌కు హైదరాబాద్ పోయినవాడికి సమాకలనం వచ్చు. క్లాసులో 'ఇంటిగ్రేషన్' అనగానే అదేదో కొత్త పాఠం అనుకుంటాడు. లెక్క వస్తుంది, పేరు తెలియదు. లేచి అడిగితే నవ్వుతారని భయం. క్లాసు ఎగ్గొట్టడం అక్కడ మొదలవుతుంది. జేఎన్టీయూలో హాజరు 75 శాతం ఉండాలి. అమ్మానాన్నలు బొంబాయికో, పుణెకో పనికి పోయివుంటే చెప్పుకోను ఇంట్లో మనిషి కూడా ఉండడు. అప్పుడు వాడికి డబ్బుకన్నా ముందు వారానికొక ఫోన్ కావాలి. "ఏం తమ్మీ, తిన్నవా? మ్యాథ్స్ ఎట్లున్నది?" అంతే. ఆడపిల్లలకు మన అక్కచెల్లెళ్లు చేస్తే ఇంట్లోవాళ్లకూ నిశ్చింత.

రెండో ఏడు కథ వేరు. సబ్జెక్టులు మిగులుతాయి. తగినన్ని క్రెడిట్లు లేకపోతే పై ఏడాదికి పోనివ్వరు. బీసీ పిల్లలకు ఎప్‌సెట్ ర్యాంకు 10,000 దాటితే ప్రైవేటు కాలేజీలో సర్కారు ఇచ్చేది సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయల వరకే. మిగతాది ఇంటిమీదే. మన చెక్కు నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడ.

మూడో ఏడు వచ్చేసరికి వారం వారం ఫోన్ చేస్తే విసుక్కుంటాడు. విసుక్కోవాలి కూడా! అప్పుడు పని చూపించాలి. అనుమతి తీసుకొని ఒక్కరోజు పుట్టంగండి తోలుకపోదాం. కృష్ణ నీళ్లు అక్కంపల్లి రిజర్వాయర్‌కు ఎట్లా ఎక్కుతున్నయో చూస్తే సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ పిల్లలు ముగ్గురికీ అక్కడ పాఠం ఉంది.

చివరి ఏడు సర్టిఫికెట్ల గండం. ఫీజు బకాయి ఉందని కాలేజీ ఆపితే చేతికొచ్చిన ఉద్యోగం జారిపోతుంది.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి: ఇచ్చే సొమ్మును ఒక్కసారే ఇవ్వకండి. సగం రెండో ఏటికి, కొంత చివరి ఏటికి ఆపి ఉంచండి. ఫోన్ బాధ్యత మనది. భోజనాల దగ్గర ఒక రిజిస్టరు పెట్టించాను. మీ పేరు, చదివిన బ్రాంచి, వారంలో ఏ సాయంత్రం ఖాళీయో రాయండి. మొదటి పేరు నాదే, ఆదివారం.